ఉరుకుందమ్మ వేసిన దావ

అనగనగా అంటే ఎప్పుడని నన్నడగొద్దు. మా అవ్వను నేనడిగితే "మీ తాత పుట్టకముందు" అంది. ఆమె వాళ్ళ అవ్వను అడిగితే ఆమె కూడా అదే మాట అందట. అంతకంటే వెనక్కి పోదామంటే చెప్పేవాళ్ళు లేరు. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. కథ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

రేగడికొట్టాల అని ఒక ఊరు. పేరులోనే ఉంది కదా, ఊరంతా నల్లరేగడి. ఆ నేల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎండాకాలంలో అది నోరు తెరుస్తుంది. నెర్రెలో కోడిపిల్ల పడితే మళ్ళీ కంటికి కనపడదు. వానాకాలంలో అదే నేల ఉబ్బి, జిగురై, పెట్టిన కాలును పట్టుకుంటుంది. పోనీ చలికాలం నయమా అంటే, అడుగడుక్కీ పల్లేరుకాయలు. దేవుడు మూడు కాలాలిస్తే ఆ ఊరికి మూడూ కాళ్ళ మీదికే వచ్చాయి.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఎవరింటికి పోయినా చెప్పులు గడప దగ్గర కాదు, దడి దగ్గరే విడవాలి. దడి అంటే ఇంటి చుట్టూ వేసుకునే ముళ్ళకంప. దడి దాటి చెప్పులతో నడిస్తే ఆ ఇంటివాళ్ళ నెత్తి మీద నడిచినట్టే. ఉన్నవాడైనా లేనివాడైనా అంతే. చెప్పులేసుకుని పోతే ఏం మునిగిపోయింది అని మీరంటారు. అంటారు, ఎందుకంటే మీరు ఆ ఊళ్ళో పుట్టలేదు.

ఊళ్ళోవాళ్ళకు దీంతో పెద్ద కష్టం లేదు. దడి దాటితే ఇల్లు, ఇల్లు దాటితే మళ్ళీ దడి. కష్టమంతా ఉరుకుందమ్మకు. ఆమె మొగుడు తిక్కన్న చేనికాపరి. ఊరికి దూరంగా ఒక చెక్క, అంటే పొడుగాటి నేల తునక మీద కొట్టం వేసుకుని, చెక్కంతా కలిపి దడి కట్టాడు. దడి బండ్లబాట పక్కన, కొట్టం ఆ చివరన. దడి దగ్గర నిలబడి కేకేస్తే కొట్టంలోకి సగం మాటే చేరుతుంది. తిక్కన్న ఉన్నన్నాళ్ళు ఆ దూరం ఆమెకు తెలియలేదు. తిక్కన్న పోయాక తెలిసింది.

బిడ్డలు లేరు. తోబుట్టువులు లేరు. అత్తామామలు ఎప్పుడో పోయారు. పొద్దున లేస్తే పొయ్యితో మాట్లాడేది. మధ్యాహ్నం చీపురుతో మాట్లాడేది. సాయంత్రం దీపంతో మాట్లాడేది. పత్తి ఏరే కాలంలో కూలికి పోతే నలుగురి మాట చెవిన పడేది. పొద్దుగూకాక ఆ నలుగురూ కలిసి ఊరి దిక్కు పోయేవాళ్ళు. ఆమె ఒక్కతే ఈ దిక్కు వచ్చేది.

ఆమెకున్న కోరిక వింటే నవ్వుతారు. నగలు కాదు, నేల కాదు. ఎవరో ఒకరు తన గడప మీద కూర్చుని, ముంతెడు నీళ్ళు తాగి, కాసేపు మాట్లాడిపోవాలి. అంతే. అది కూడా గిడ్డమ్మ అయితే బాగుంటుందని ఆశ. గిడ్డమ్మ, ఆమె ఒకే ఊరి ఆడపిల్లలు. ఒకే ఏడు రేగడికొట్టాలకు కోడళ్ళుగా వచ్చారు. చేలో ఎప్పుడూ పక్కపక్క సాళ్ళే పట్టేవాళ్ళు. ఇప్పుడు గిడ్డమ్మకు ఇల్లు నిండా జనం. కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు, బర్రెలు.

ఒకనాడు చేలో ఉరుకుందమ్మ అడిగింది.

"మే గిడ్డమ్మా, ఒకరోజు మా కొట్టానికి రా మే."

"రాకేం మే. దావ సక్కగుంటే రానా?"

ఆ పక్క సాలులో ఆమెనూ అడిగింది. ఆమె కూడా అదే అంది. దావ సక్కగుంటే రానా? ఈ పక్క సాలులో ఆమె కూడా అదే. దావ సక్కగుంటే రానా?

దావ అంటే దారి. అది మాటవరసకు అన్న మాట. మనమూ అంటాం. అనేసి మరిచిపోతాం. కానీ ఒంటరివాళ్ళకు మాటవరస మాటలుండవు. వచ్చిన ప్రతి మాటా ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. ఉరుకుందమ్మ ఆ మాటను ఇంటికి తీసుకుపోయింది. దావ బాగుంటే వస్తారు. అయితే దావ వేస్తే సరి.

ఊరికి తూర్పున రాతి గని ఉండేది. నల్ల నాపబండలు తీసేవాళ్ళు. పగిలిన బండలు గట్టు మీద పారేసేవాళ్ళు. పెద్దిళ్ళలో నేలకు పరిచేది ఆ బండలే, నూనె పూసినట్టు మెరుస్తుంటాయి. పెద్దవాళ్ళు ఇంట్లో పరుచుకునేది నేను వాకిట్లో పరుస్తానని ఉరుకుందమ్మకు సంబరం. కూలి నుంచి వచ్చాక గనికి పోవడం, ఒక ముక్క నెత్తిన పెట్టుకుని రావడం. చలికాలమంతా మోసింది. దడి నుంచి గడప దాకా పరిచింది. అటు నడిచింది, ఇటు నడిచింది. బాగుంది అనుకుంది. గిడ్డమ్మకు చెప్పింది.

చెప్పేటప్పటికి ఎండాకాలం వచ్చేసింది. ఒక మధ్యాహ్నం, ఇంటి పని సద్దుమణిగాక, గిడ్డమ్మ నిజంగానే బయలుదేరింది. ఆమెను పూర్తిగా తప్పు పట్టకండి, మొదటిసారి ఆమె వచ్చింది. దడి దగ్గర చెప్పులు విడిచింది. మొదటి బండ మీద కాలు పెడితే చుర్రుమంది. రెండో బండ మీద గెంతింది. మూడో బండకు ప్రాణం అరచేతికి వచ్చింది. వెనక్కి తిరిగి ఉరికింది. గడపలో ముంతతో నిలబడ్డ ఉరుకుందమ్మకు కనపడింది గిడ్డమ్మ వీపు మాత్రమే.

తర్వాత చేలో కలిసినప్పుడు గిడ్డమ్మ అంది, అవి బండలు కాదు మే, పెనాలు, అట్లు పోసుకోవచ్చు అని. అందరూ నవ్వారు. ఉరుకుందమ్మ ఇంటికి పోయి, మిట్టమధ్యాహ్నం ఆ బండల మీద నిలబడి చూసింది. ఆమెకేం కాలలేదు. ఎందుకు కాలలేదో ఆమెకు అర్థం కాలేదు.

ఆ ఏడు వానలు పడ్డాయి. కింద రేగడి ఉబ్బింది. బండలన్నీ ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పక్కకు ఒరిగిపోయాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే పెకలించి పక్కన పెట్టింది.

రెండోసారి ఎర్రగుట్టకు పోయింది. అక్కడ గరుసు దొరుకుతుంది. గరుసంటే మన్నూ గులకరాళ్ళూ కలిసిన ఎర్రటి నేల. బండలా కాలదు, వాన నీళ్ళు నిలవవు. గంపలకొద్దీ మోసింది. చెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రటి పాపిడి తీసినట్టు దావ పడింది. అటు నడిచింది, ఇటు నడిచింది. బాగుంది అనుకుంది. గిడ్డమ్మకు చెప్పింది.

గిడ్డమ్మ చలికాలంలో వచ్చింది. రెండోసారి కూడా వచ్చిందని గుర్తుపెట్టుకోండి. చలికి మడమలు పగిలి ఉన్నాయి. సగం దూరం వచ్చేసరికి ఒక గులకరాయి అంచు ఆ పగులులోకి దిగింది. నెత్తురు వచ్చింది. కుంటుకుంటూ వెనక్కి పోయింది. ఉరుకుందమ్మ గడప దిగి పరుగెత్తింది కానీ, ఆమె చేరేసరికి దడి దగ్గర చెప్పులు కూడా లేవు. నెత్తురు చుక్కలు మాత్రం ఉన్నాయి. వాటి మీద గరుసు కప్పి, తను అదే చోట నడిచి చూసింది. ఆమెకేం గుచ్చుకోలేదు.

వానలు వచ్చాయి. మొదటి వానకు రేగడి ఆ గరుసును సగం మింగింది. రెండో వానకు మిగిలిందాంట్లో సగం మింగింది. మూడో వానకు అసలు అక్కడ దావ ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ రోజు ఉరుకుందమ్మ గడపలో కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, ఏడ్చి, కాళ్ళకంటిన బురద గీక్కుంటుంటే అరికాల్లో ఒక తుమ్మముల్లు కనపడింది. ఎప్పుడు దిగిందో తెలియదు. లాగేసింది. నొప్పి తెలియలేదు. మళ్ళీ గుచ్చి చూసింది. తెలియలేదు. అప్పుడు అర్థమైంది. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా చేలల్లో తిరిగిన కాళ్ళు అవి. తోలుకూ వాటికీ తేడా లేదు. ఆ కాళ్ళకు నిప్పూ ఒకటే, నీళ్ళూ ఒకటే.

"నా కాళ్ళతో సూసుకుంటి," అని పైకే అనుకుంది. "వచ్చేటోళ్ళు నా కాళ్ళతో రారు గదా."

మరి దేంతో చూడాలి? అరచెయ్యి పెట్టి చూద్దామంటే పత్తికాయల అంచులు గీరుకుని గీరుకుని అదీ మొద్దుబారింది. మోకాళ్ళు మొద్దుబారాయి. బరువులు మోసి నడినెత్తి కూడా మొద్దుబారింది. ఒళ్ళంతా వెతుక్కుంటే ఒక్క చెంప మిగిలింది. అది మెత్తగా ఉంది. తిక్కన్న పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇక అప్పటి నుంచి ఉరుకుందమ్మ మిట్టమధ్యాహ్నం రాళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టింది. గనిలో నల్లబండ దగ్గర పడుకుని చెంప ఆనించింది. చెంప కమిలింది. గుట్ట మీద ఎర్రరాయికి ఆనించింది. కొంచెం నయం, అయినా కాలింది. ఊరి కింద ఎండిపోయిన వంకలో, అంటే వాగులో, తెల్లగా, కొంచెం గరుకుగా ఒక రకం రాయి ఉంది. ఇళ్ళకు పనికిరాదని దాన్ని ఎవరూ ముట్టరు. దానికి ఆనించింది. వెచ్చగా ఉంది. మనిషి చెయ్యంత వెచ్చగా ఉంది. చాలాసేపు ఆమె అక్కడి నుంచి లేవలేదు.

చూసినవాళ్ళు ఉరుకుందమ్మకు ఎండదెబ్బ తగిలిందన్నారు. రాయితో రహస్యాలు చెప్పుకుంటోందన్నారు. ఆమె మళ్ళీ రాయికి చెంప ఆనించింది. ఎందుకో చెప్పినా వినేవాళ్ళు కాదు లెండి. నవ్వే నోటికి చెవులుండవు.

ఈసారి తొందరపడలేదు. దావ వెడల్పునా మోకాటి లోతు రేగడి తవ్వి తీసి చేలో పోసింది. ఉబ్బే నేలే లేకపోతే రాయిని ఎవరు కదిలిస్తారు? ఆ గుంతలో అడుగున గరుసు, పైన వంక ఇసుక నింపింది. దాని మీద తెల్లరాళ్ళు పరిచింది. ప్రతి రాయినీ ముందు ఎండలో పెట్టి, మధ్యాహ్నం చెంప ఆనించి, సరిపోతేనే పరిచింది. అంచులు పదునుగా ఉంటే ఇంకో రాయితో అరగదీసింది. రాయికీ రాయికీ మధ్య వేలెడు సందు వదిలి గరిక నాటింది. గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు ఆ గరికకే పోసింది. నీళ్ళు దొరకని ఎండాకాలంలో తన స్నానం మానుకుంది కానీ గరికకు మానలేదు.

ఎన్నేళ్ళు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. మొదలుపెట్టినప్పుడు ఆమె జుట్టు నల్లగా ఉండేది. చివరి రాయి పరిచేసరికి ఆ రాయీ జుట్టూ ఒకే రంగులో ఉన్నాయి.

దావ అయిపోయింది. ఉరుకుందమ్మ ఊళ్ళోకి పోయి గిడ్డమ్మతో చెప్పింది. "మే, దావ అయింది. రేపు రా."

"వస్తా మే," అంది గిడ్డమ్మ. ఈసారి దావ సక్కగుంటే అనలేదు.

మర్నాడు ఉరుకుందమ్మ కొర్రన్నం వండింది. అలసందల పులుసు కాచింది. గడప కడిగి, ముగ్గేసి, కూర్చుంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. పొద్దు వాలింది. పొద్దు మునిగింది. చల్లారిన అన్నం తనే తినింది. రెండో రోజు వండింది. రెండో రోజూ చల్లారిన అన్నమే తినింది. మూడో రోజు వండింది. మూడో రోజు తినబుద్ధి కాక కాకులకు వేసింది.

గిడ్డమ్మ రాలేదా అంటే, వచ్చింది. దడి దాకా వచ్చింది. తెల్లటి దావ, మధ్యలో పచ్చటి గరిక, ఆ చివర గడపలో నలుసంత మనిషి. ఇదంతా ఈమె నా ఒక్క మాట పట్టుకుని చేసిందా అనుకుంది. రెండుసార్లు వీపు చూపించి పోయినదాన్ని, ఏ మొహం పెట్టుకుని పోవాలి అనుకుంది. మొహం చెల్లలేదు. రేపొద్దాంలే అని మళ్ళింది. రేపు కూడా రేపొద్దాంలే అనుకుంది. అట్లా రేపులు చేరి చేరి గుట్టయ్యాయి. గుట్ట పెరిగేకొద్దీ ఎక్కడం ఇంకా కష్టమైంది.

మిగతావాళ్ళంటారా? దావ బాగలేనప్పుడు దావ అడ్డం. దావ బాగయ్యాక పని అడ్డం. రాని మనసుకు వంద వంకలు.

నేనైతే ఆ రాళ్ళన్నీ పెకలించి ఊరి మీదికి విసిరేదాన్ని. ఉరుకుందమ్మకు ఆ బుద్ధి లేదు. ఎవరూ రాకపోతే దావలోనే ఇంకా ఏదో లోపం ఉందనుకుంది. రోజూ ఊడ్చేది. రోజూ మధ్యాహ్నం దడి నుంచి గడప దాకా ఒక్కో రాయికి చెంప ఆనిస్తూ వచ్చేది. ఏది కొంచెం వేడిగా అనిపిస్తే దాన్ని తీసి ఇంకోటి పెట్టేది. ఒక్కసారి కూడా లోపం వాళ్ళలో ఉందని అనుకోలేదు. అనుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఒక ఎండాకాలం, చివరి పత్తి ఏరే రోజుల్లో, ఉరుకుందమ్మ కూలికి రాలేదు. ఒక రోజు రాలేదు. రెండో రోజు రాలేదు. మూడో రోజు గిడ్డమ్మకు పక్క సాలు ఖాళీగా కనపడింది. గంప అక్కడే పెట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో బయలుదేరింది. దడి దగ్గర చెప్పులు విడిచింది. కాలు పెట్టింది. కాలలేదు. ఇంకో కాలు పెట్టింది. గుచ్చుకోలేదు. కాలి కింద రాయి కదల్లేదు, జారలేదు. సందుల్లో గరిక వాడింది కానీ ఇంకా చల్లగానే ఉంది. ఆ దావ మీద నడుస్తుంటే గిడ్డమ్మకు ఏడుపొచ్చింది.

గడపకు కొంచెం ఇవతల ఉరుకుందమ్మ పడుకుని ఉంది. చెంప రాయికి ఆనించి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. రాయి వెచ్చగానే ఉంది, ఆమెలో ఊపిరి లేదు.

గిడ్డమ్మ ఆమె పక్కన కూలబడింది.

"వచ్చినా మే," అంది. "లెయ్."

ఆమె లేవలేదు.

కబురు పోయింది. ఊరంతా వచ్చింది. ముసలివాళ్ళు వచ్చారు, బాలింతలు వచ్చారు, అప్పుడే నడక నేర్చిన పిల్లలు వచ్చారు. దడి దగ్గర చెప్పులు గుట్టపడ్డాయి. నిప్పులు కురిసే ఎండలో అంతమంది వట్టికాళ్ళతో ఆ దావ మీద నడిచారు. ఒక్కరి కాలు కాలలేదు. ఒక్కరికి గుచ్చుకోలేదు. ఒక్కరు జారిపడలేదు. నడిచే కొద్దీ తలలు వంగిపోయాయి. ఇంతమంది ఆ గడపకు వచ్చిన రోజు, రండి అనడానికి ఆమె లేదు.

పాడె లేపేముందు ఎవరో ఓదార్పుగా, పాపం ఈ దూరానికి ఎవరొస్తారు, ఈ ఎండకు ఎవరొస్తారు అన్నారు. గిడ్డమ్మ లేచి నిలబడింది.

"మొదటిసారి నా కాళ్ళు కాలినాయి, అది నిజం. రెండోసారి నెత్తురొచ్చింది, అదీ నిజం. మూడోసారి నాకేం కాలే. నేను రాలే, అంతే. మీరూ రాలే, అంతే. ఎండను అనాకండి."

పాడె లేపారు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఊళ్ళోనే దిగువ వీధిలో ఒక బీద ఆలుమగలు గుడిసె కట్టుకుని, దడి నుంచి గడపకు నాలుగు రాళ్ళు పరుచుకున్నారు. ఎవరినీ పిలవలేదు. పిలిచే ధైర్యం లేదు వాళ్ళకు. గిడ్డమ్మకు తెలిసి, తన ఇంట్లో కొర్రన్నం వండి, గిన్నె చంకన పెట్టుకుని పోయి, వాళ్ళ గడప మీద కూర్చుంది. తిన్నారు, మాట్లాడుకున్నారు. మరోసారి ఇంకెవరో దావ వేసుకుంటే అక్కడికీ పోయింది. కాళ్ళు ఆడనప్పుడు కోడలి భుజం పట్టుకుని పోయింది. ఆమెను చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి వీధివాళ్ళు పోవడం మొదలుపెట్టారు. గిడ్డమ్మ పోయింది. పద్ధతి ఉండిపోయింది.

ఇప్పటికీ ఆ దిక్కున వాకిట్లోకి రాయి ఏరుకునేవాళ్ళు రంగూ మెరుపూ చూడరు. మిట్టమధ్యాహ్నం పోయి చెంప ఆనిస్తారు. రాళ్ళమ్మేవాళ్ళకు అది అలవాటే, నవ్వరు. ఎవరైనా మాటవరసకు వస్తాలే అంటే, "ఉరుకుందమ్మకు చెప్పినట్టు చెప్పాకు, వస్తే రా" అంటారు.

ఇంకొకటి ఉంది. దావ వేసుకున్న రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఎవరినీ పిలవరు కూడా. గడపలో ఊరికే కూర్చుంటారు. వీధివాళ్ళే వండుకుని రావాలి. ఎవరూ రాకపోతే ఆ ఇల్లు ఆ రోజు పస్తుండాలి. ఇంతవరకు ఆ దిక్కున ఏ ఇల్లూ పస్తుండలేదు.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఈ కథ అంత దూరం పోదు. మీలో ఎవరైనా ఎవరికైనా వస్తానని చెప్పి ఉంటే, కథ అక్కడికి పోతుంది. ఇంకా కూర్చున్నారేం, లేవండి.